మడవ తీయమన్నది నేనే

మా వదిన మడిలో నీళ్ళు తీయించింది నేనే. ఈ సంగతి ఒప్పుకొని మొదలుపెడతాను. మా ఊళ్ళో ఇది రెండు రకాలుగా చెబుతారు. ఒకదాంట్లో నేను తెలివితక్కువదాన్ని, రెండోదాంట్లో తెలివి మరీ ఎక్కువైనదాన్ని. రెండూ నాకు నచ్చవు. అందుకని మూడోది నేను రాస్తున్నాను. రాస్తుంటే ఇదీ నాకేమంత అనుకూలంగా రావడం లేదు.

వదిన అంటే మావారి అక్క. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక దడి. కొంటా దాటి శబరి నది వైపు లోపలికి వస్తే కనిపించే ఊళ్ళలో మాదొకటి. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, నాట్ల దగ్గర దోర్ల ఆదివాసుల దోర్లి వినిపిస్తాయి. కాగితం మీద పని పడితే మళ్ళీ హిందీ. నేను ఈ ఊరిదాన్ని కాను. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి బచేలి ఇనుప గనిలో పనిచేశాడు. కంపెనీ క్వార్టర్లో పుట్టి, కంపెనీ బళ్ళో చదివి, జగదల్‌పూర్ కాలేజీలో జువాలజీ పట్టా పుచ్చుకున్నాను. పెళ్ళయి వచ్చేనాటికి ఇనుప దుమ్ముకు ఎర్రబడిన బట్టలు ఉతకడం తెలుసుగాని వరినారుకూ గడ్డికీ తేడా తెలియదు. “కంపెనీ పిల్ల” అని వదిన పేరు పెట్టింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు పోలేదు. మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, అయినా పిల్లనే.

కొత్తలో ఆమెను “మీరు” అనేదాన్ని. ఒకరోజు ఆమె కోళ్ళు మా ఇంట్లో ఎండబోసిన పప్పు మీద పడ్డాయి. ఆ తగువులో నా నోటికి “నువ్వు” వచ్చేసింది. “ఇగో, ఇప్పుడు మా ఇంటి మనిషివైనవ్,” అన్నది వదిన, తిట్ల మధ్యలోనే. ఆ తర్వాత మేం ఎన్నిసార్లు పోట్లాడామో లెక్కలేదు. మావారు బడిలో గురూజీ. ముప్పై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి, మా ఇద్దరి మధ్యకు మాత్రం ఎప్పుడూ రాలేదు.

మా పొలాలు ఒకే వాలు మీద ఉన్నాయి. పై మడి వదినది, కింద మడి మాది, మా దాని కింద వాగు. కాలువల్లేవు. వాన పడితే పై మడి నిండి, మడవలోంచి మా మడిలోకి నీళ్ళు వస్తాయి. మడవ అంటే గట్టుకు కోసిన చిన్న గండి. గడ్డి పెళ్ళ ఒకటి పెడితే మూసుకుంటుంది, కాలితో తంతే తెరుచుకుంటుంది.

వదిన ఆ మడిలో వేసేవి ఆమె అత్తగారి నుంచి వచ్చిన వడ్లు. ఎర్ర గింజ, కొసన చిన్న ముల్లు. ఒకప్పుడు ఊరంతా అవే వేసేవారట. అందరూ దుకాణంలో కొనే సంచి విత్తనాలకు మారాక ఈ ఒక్క మడిలోనే మిగిలాయి. ప్రతి ఏడూ పండినదాంట్లోంచే కొన్ని తీసి, పేడ అలికిన వెదురు బుట్టలో మరుసటి ఏటికి దాస్తుంది. పాతబడిన గింజ మొలవదు కాబట్టి దాచింది దాచినట్టు మళ్ళీ వేయాల్సిందే. అంటే, ఒక ఏడు పంట పాడైతే ఆ ఏటి తిండి పోవడంతో ఆగదు, ఆ రకమే లేకుండా పోతుంది. ఆ మడి గురించి ఎవరేం మాట్లాడినా ముందు గుర్తుపెట్టుకోవలసింది ఇదొక్కటే. నాకు మిగతావన్నీ గుర్తున్నాయి.

ఆ ఏడు దసరా ఇంకా పది రోజులుందనగా వదిన మడిలో ఆకుముడత కనిపించింది. ఆకులు మడతపడి, తెల్లగా గీతలు పడి, చూడడానికి భయంగా ఉంటుంది. నిజానికి ఆ దశలో దానివల్ల పోయేది తక్కువ. రోడ్డు మీది మందుల దుకాణంవాడు రెండు సీసాలిచ్చి, రెండూ కలిపి కొట్టమన్నాడట. పంపు వీపున వేసుకొని బయలుదేరిన వదినకు అడ్డంగా నిలబడ్డాను.

“ఈ మందు కొట్టకు వదినా. ఆకుముడత పోతుంది సరే, సాలీళ్ళు కూడా పోతాయి.”

“పోతే పోనీ. సాలీడు మీ మేనమామనా?”

“మేనమామ కంటే ఎక్కువ. సుడిదోమను తినేది అదే. సాలీడు లేని మడిలోకి దోమ వచ్చిందంటే ఇక ఆగదు.”

“సుడిదోమ ఏడున్నదే? నాకు కనపడేది ఆకుముడత. కనపడేదానికి మందు కొట్టాల్నా, కనపడనిదానికి దండం పెట్టాల్నా? జరుగు.”

“మూడు వారాలు చూడు.”

“చూస్త. నువ్వు ఏడికి పోతవ్, నేను ఏడికి పోత? ఇద్దరం చూద్దాం.”

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చొని చూశాను. దుబ్బుల మధ్య సాలీళ్ళు కాళ్ళు ముడుచుకొని నీళ్ళ మీద తేలుతున్నాయి.

మూడు వారాలు కూడా పట్టలేదు. దసరా వెళ్ళిన వారంలో వదిన మడి నడుమ చేటంత మేర పసుపుపచ్చగా మారింది. సంగతి వినగానే నాకు సంతోషం కలిగింది. ఒక రకం వడ్లు చచ్చిపోబోతున్నాయి, నాకు మాత్రం “చెప్పానా లేదా” అనే మాట నాలుక చివర ఊరుతోంది. కొంటాలో ఉన్నాను ఆ పూట. అక్కడే ఒక తెల్ల పింగాణీ పళ్ళెం కొన్నాను. వచ్చేటప్పుడు రోడ్డు మలుపులోని జవాన్ల క్యాంపు దగ్గర సంచి తెరిపించి, పళ్ళెం ఎందుకని అడిగారు. పురుగులు లెక్కపెట్టడానికి అన్నాను. “పురుగులకు పళ్ళెంలో వడ్డిస్తారా మేడమ్?” అన్నాడు జవాను హిందీలో. నవ్వాను. ఆ రోజు ఎవరేమన్నా నవ్వేదాన్నే.

పళ్ళెం దుబ్బు మొదట్లో పెట్టి, దుబ్బును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాను. గోధుమరంగు నుసి రాలినట్టు పడ్డాయి. పడ్డవి ఊరికే ఉండవు, పక్కకు నడుస్తాయి, ఎగిరి మళ్ళీ కాండం పట్టుకుంటాయి. ఒక్క దుబ్బుకే లెక్క తప్పిపోయింది.

“గింతేనా?” అన్నది వదిన వంగి చూస్తూ. “నువ్వు చెప్పిన తీరుకు పిల్లి అంత ఉంటదనుకున్న.”

“ఇది ఆకు కొరకదు వదినా. మొదట్లో, నీళ్ళకు జానెడు పైన కూర్చొని మూతి గుచ్చి రసం పీలుస్తుంది. నువ్వు పైనుంచి ఎంత మందు కొట్టినా దానికి తగలదు, అది గొడుగు కింద ఉన్నట్టే. ఇదిగో, ముట్టుకొని చూడు, జిగురు. ఇది దాని విసర్జన. దీని మీదే నల్లటి బూజు పడుతుంది. ఇక్కడ మొదలై చుట్టూ సుడిలా పాకుతుంది. అందుకే సుడిదోమ అన్నారు. హిందీవాళ్ళు మాహో అంటారు.”

“పేర్లు మస్తుగున్నయ్,” అన్నది వదిన. వేళ్ళకు అంటిన జిగురును చాలాసేపు చీరకు తుడుచుకుంటూనే ఉంది.

కాలేజీలో మేం బొద్దింకను కోశాం, కప్పను కోశాం, వానపామును మైనపు పలక మీద గుండుసూదులతో పరిచాం. జిల్లా అంతటా తింటున్నది వరి అన్నమే గాని, ఆ అన్నాన్ని తినే పురుగును ఒక్కనాడూ చూపించలేదు. దీని గురించి నేను తెలుసుకున్నదంతా తర్వాత, మడిలో నిలబడి, ఫోన్లో చదివి. ఒక విచిత్రం చెబుతాను. తిండి సమృద్ధిగా ఉన్నంతకాలం పుట్టేవాటిలో చాలావాటికి రెక్కలు పొట్టిగా ఉంటాయి. ఉన్నచోటే కాపురం, పిల్లలు. దుబ్బు ఎండిపోయే వేళకు పొడుగు రెక్కలవి పుట్టి ఎగిరిపోతాయి. ఇది వదినకు చెబితే, “మీ కంపెనీ క్వార్టర్లవాళ్ళ లెక్క,” అన్నది. రిటైరైన మర్నాడే మూట కట్టి విశాఖపట్నం బండెక్కిన మావాళ్ళందరూ గుర్తొచ్చారు.

సరే, మందు విషయంలో నేను గెలిచాను. అసలు చెడింది అక్కడే. ఆ గెలుపు లేకపోతే తర్వాతి మాట వదిన వినేది కాదు.

నాట్ల గుంపుకు పెద్దగా ఉండే దోర్ల అక్క మర్నాడు మడి చూడడానికి వచ్చింది. మా ఊరి చుట్టుపక్కల ఆడవాళ్ళు నాట్లకు దిగాలంటే ఆమె వెంటే దిగుతారు. ఆమెకూ వదినకూ ముప్పై ఏళ్ళ స్నేహం. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం అనుకున్నారు. వాళ్ళ చిన్నప్పుడు చేసేవారట. ఇసుకలో కిరసనాయిలు కలిపి నీళ్ళ మీద చల్లాలి. తర్వాత ఇటొకరు అటొకరు పొడుగు తాడు పట్టుకొని పైరు మీదుగా లాగాలి. పురుగులు నీళ్ళలో రాలతాయి, చమురుకు చస్తాయి. దానికి మడిలో నీళ్ళు నిలిచి ఉండాలి.

“అది గొట్టపు పురుగుకు చేసే పని,” అన్నాను. “దీనికి కాదు. దీనికి నీళ్ళు తీసేయాలి. మొదళ్ళకు గాలీ ఎండా తగిలితే దోమ ఉండలేదు. వ్యవసాయం ఆఫీసు కృషి విభాగ్ సార్ కూడా ఇదే చెబుతాడు.”

“కిరసనాయిలు దేనికైనా కిరసనాయిలే కదమ్మా,” అన్నది దోర్ల అక్క.

“ఇప్పుడు కిరసనాయిలు ఎక్కడుంది? రేషన్లో మానేసి ఎన్నేళ్ళయింది?”

“తెస్త. మా అన్న కొడుకు దగ్గర డీజిల్ ఉంటది.”

“డీజిలా! పైరు మాడ్చేస్తారా ఇద్దరూ కలిసి?”

ఇప్పుడు అనిపిస్తుంది, ఆ తాడూ చమురూ దీనికీ పనిచేసేవేమో. రాలిన పురుగు ఏదైతేనేం, చమురు నీళ్ళలో పడితే దానికి ఊపిరాడదు. ఆ మాటను నేను కాసేపైనా ఆలోచించలేదు. గొట్టపు పురుగు అనే ముక్క నాకు దొరికింది, దాన్ని పట్టుకొని వాళ్ళ నోళ్ళు మూయించాను. అంతే.

వదిన చివరికి ఒక్కటే అడిగింది. “నీళ్ళు తీసినంక వాన పడకుంటే?”

ఆమె వడ్లు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి. గింజ నిండేది ఆ నీళ్ళతోనే. ఆ మడిది బంకనేల కావడంతో వాన ఆగినా చాలా రోజులు నీళ్ళు నిలుస్తాయి, అందుకే ఆ రకం అక్కడ బతికింది. ఉన్న నీళ్ళు అవే. పోతే తెచ్చుకునే దారి లేదు.

“పడుతుంది,” అన్నాను. “దీపావళి లోపల అల్పపీడనం ఉంది.”

ఎలా చెప్పాను? ముందురోజు విజయనగరం నుంచి మా పిన్ని ఫోన్ చేసి, సముద్రం పొంగుతోందనీ, మూడు రోజులు ముసురు తప్పదనీ, బట్టలు ఆరడం లేదనీ చెప్పింది. చిన్నప్పటి నుంచి మాకు వాన కబురు అటునుంచే వచ్చేది. క్వార్టర్లలో ప్రతి ఇంట్లోనూ అంతే. కొండల మధ్య కూర్చొని సముద్రం సంగతి మాట్లాడుకునేవాళ్ళం. అక్కడ మబ్బు పడితే ఇక్కడ గొడుగులు తీసేవాళ్ళం. సగంసార్లు వాన వచ్చేది కూడా. రాని సగం మాకు గుర్తుండేది కాదు. అలా మా పిన్ని బట్టలు ఆరకపోవడాన్ని చూసుకొని నేను వదిన మడికి వాన ఇప్పించాను.

వదిన పక్కనే ఉన్న మావారి వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశారు. “ఏందిరా, నువ్వేమంటవ్?” అంటే, “రెండు రోజులు ఆగితే ఏమవుతుంది?” అన్నారు మెల్లగా.

“రెండు రోజుల్లో చేటంతది మంచమంత అవుతుంది,” అన్నాను.

“నువ్వు పోయినసారి అన్నది అయింది,” అన్నది వదిన నాతో. “సరే. తీయ్.”

నేనే గట్టెక్కి కాలితో మడవ తన్నాను.

“నీళ్ళెటు పోతయమ్మా?” అని అడిగింది దోర్ల అక్క. ఆమె అడిగింది మామూలుగానే అనుకుంటాను.

“కిందికి. ఇంకెటు పోతాయి?” అన్నాను.

కింద ఉన్నది మా మడి. ఆ ఏడు ట్రాక్టరు దొరక్క మా నాట్లు ఆలస్యమై, మా పైరు కూడా సరిగ్గా అదే దశలో ఉంది. గట్టుకు ఎండ్రకాయలు బొక్కలు పెట్టడంతో మా నీళ్ళు వాగులోకి కారిపోయి, బురద తేలి, నాలుగు రోజులుగా నాకు అదే దిగులు. వదినతో వాదించేటప్పుడు ఈ సంగతి నా మనసులో ఉందా? లేదనే చెబుతాను. అడిగినవాళ్ళకల్లా లేదనే చెప్పాను. కాని పై మడి నీళ్ళు మడవలోంచి చప్పుడు చేస్తూ మా మడిలోకి దిగుతుంటే నేను చేసిన మొదటి పని ఏమిటో నాకు తెలుసు. చీర పైకి దోపుకొని, పరుగున వాగు వైపు గట్టుకు వెళ్ళి, బంకమట్టి ముద్దలు తీసి ఒక్కొక్క బొక్కా మూశాను. మా మడిలో దోమ పెద్దగా లేదు కదా, నీళ్ళుంటే తప్పేముంది, పోయే నీళ్ళే కదా అనుకున్నాను. తల ఎత్తి చూస్తే వదినా దోర్ల అక్కా పై గట్టు మీద నిలబడి నన్నే చూస్తున్నారు. చేతుల నిండా మట్టి. “ఊరికే పోతున్నాయి కదా!” అని అరిచాను. వాళ్ళు నన్నేమీ అడగలేదు.

మొదటి వారం నేను చెప్పినట్టే జరిగింది. పై మడి ఆరింది, దోమ తగ్గింది, పసుపు మరక మంచమంత కాకుండా ఆగింది. రోజూ పళ్ళెం పట్టుకెళ్ళి కొట్టి చూపించాను. “ఇదిగో ఎనిమిది. ఇదిగో అయిదు.” వదిన తలూపేది. ఆమె చూపు పళ్ళెం మీద ఉండేది కాదు, నేల మీద ఉండేది.

రెండో వారం బంకనేల నెర్రెలిచ్చింది. మొదట వేలు పట్టేది, తర్వాత చెయ్యి పట్టేది. బంకనేల ఆరితే అలాగే ఉంటుంది, మొక్క వేళ్ళను తెంచుతూ విడిపోతుంది. అల్పపీడనం ఒడిశా వైపు మళ్ళిందని టీవీలో చెప్పారు. మా పిన్ని ఫోన్ చేసి ఎండ కాస్తోందనీ, దుప్పట్లు ఉతికాననీ అన్నది. పెట్టేయమన్నాను.

మావారు ఎక్కడో అడిగి ఒక రోజుకు డీజిల్ పంపు తెచ్చారు. “మా మడిలోంచే తోడి పైకి పోసేద్దాం,” అన్నాను. అది విన్నాక, నీళ్ళు తీసినప్పటి నుంచి మొదటిసారి, వదిన గొంతు పెంచింది.

“నా నీళ్ళు నాకే తోడి పోస్తవా? పోసి ఊరంతా చెప్పుకుంటవా?”

“నేను అలా అన్నానా? ఉన్న చోటు నుంచి లేని చోటికి అన్నాను.”

“నీళ్ళు పోయేటప్పుడు కూడా గట్లనే అన్నవ్.”

మావారు పంపును వాగులో దించారు. పైపు వదిన మడి కింది అంచు వరకే అందింది. అంచు వెంబడి నాలుగు బారల వెడల్పున తడిసింది. చీకటి పడేదాకా ఆయన పైపు నోరు చేత్తో పట్టుకొని అటూ ఇటూ తిప్పారు. అంతకు మించి పైకి ఎక్కలేదు.

కోతల నాటికి మా మడిలో మడవ దగ్గర రెండు సుడులు మాడాయి. ఒకటి మంచమంత, ఒకటి గుమ్మమంత. పై మడి దోమల్లో కొన్ని ఆ నీళ్ళతో పాటే దిగి ఉంటాయి. మిగతాదంతా బంగారంలా పండింది, కంకులు వంగిపోయాయి. వదిన మడిలో కంకులు నిటారుగా నిలబడ్డాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు అది బాగున్న పైరులాగే కనిపించింది. వరిలో తలెత్తుకు నిలబడ్డ కంకి అంటే తాలు. నూర్చి తూర్పారబడుతుంటే గాలికి ఎగిరిపోయిందే ఎక్కువ.

ఊరు మాట్లాడకుండా ఎందుకుంటుంది? బోరింగు దగ్గర ఒకామె నా వెనక నిలబడి, “చదువుకున్నోళ్ళు మడవ కూడా తెలివిగానే తీస్తరు,” అన్నది పక్కామెతో. బిందె కింద పెట్టి గంటసేపు పోట్లాడాను. దోమ జీవితచక్రం అంతా చెప్పాను, గుడ్డు నుంచి మొదలుపెట్టి. నా వంద మాటలకు ఆమె ఒక్క మాట అన్నది. “మరి నీ మడిలో నీళ్ళెందుకు ఉంచుకున్నవమ్మా?” నీళ్ళు నిండిన బిందె ఎత్తుకొని ఇంటికొచ్చాను.

మా పంట ఇంట్లోకి వస్తుంటే మా మడి కూడా మొత్తం మాడిపోయి ఉంటే బాగుండేదనిపించింది. రెండు సుడులు నన్ను కాపాడడానికి చాలలేదు. అన్నం తినేటప్పుడు ఆ మాట మావారితో అంటే, “పంట మాడితే అక్కకు ఏం ఒరుగుతుంది?” అన్నారు. నిజమే. నేను ఆలోచిస్తున్నది వదిన గురించి కాదని ఆయన అంత మెల్లగా చెప్పారు.

చలికాలమంతా వదిన నాతో పోట్లాడలేదు. అదే నాకు భరించరానిదైంది. కోళ్ళు మా ఇంట్లో పడితే తానే వచ్చి తోలుకుపోయేది. “ఏం కంపెనీ పిల్లా” అనే పిలుపు పోయి, మావారి ద్వారా కబురు రావడం మొదలైంది.

ఎండలు ముదిరి నార్లు పోసే రోజులు దగ్గరపడ్డాక నేనే దడి దాటి వెళ్ళాను. విత్తనం ఉప్పునీళ్ళలో వేసి చూద్దామన్నాను. నీళ్ళలో కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలపాలి, వడ్లు పోయాలి. తాలు తేలుతుంది, నిండు గింజ మునుగుతుంది. వదిన కాదనలేదు. దోర్ల అక్క కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది. వెదురు బుట్ట మొత్తం తొట్టిలో కుమ్మరించాం.

నీళ్ళు కనపడకుండా తేలాయి. వదిన రెండు చేతులతో తేలినవాటిని పక్కకు నెట్టి తొట్టి అడుగుకు చూసింది. నేను చూడలేకపోయాను. చేటలతో తోడి తోడి పారబోశాక అడుగున మిగిలినవి రెండు దోసెళ్ళ పైమాటు, మూడుకు తక్కువ. అన్నీ పైపు అందిన ఆ అంచువే అయుంటాయి. మంచినీళ్ళలో కడిగి, గుడ్డ మీద పరిచాం. తడిగా ఉన్నప్పుడు ఆ గింజ రంగు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది.

ఆరాక వదిన వాటిని రెండు భాగాలు చేసింది. ఒకటి మళ్ళీ బుట్టలో పోసింది. రెండోది గుడ్డలో మూటకట్టి దోర్ల అక్క చేతిలో పెట్టింది.

“నువ్వు ఒక మూలకు వెయ్యక్కా. నా దగ్గర పోతే నీ దగ్గర ఉంటది. ఒక్క చోట పెట్ట ఇగ.”

సరైన పనే. నేనైనా అదే చెప్పేదాన్ని. కాని మూడో భాగం ఉంటుందనుకున్నాను. పక్క మడి నాది. ఆమె పిలిస్తే పలికే దూరం నాది.

“నాకూ ఒక గుప్పెడు ఇవ్వు వదినా. మా మడి పై మూల వేస్తాను. సంచి విత్తనం కలవకుండా చూస్తాను. మందు కొట్టను. రోజూ...”

“ఇయ్య,” అన్నది వదిన.

“ఎందుకని?”

దోర్ల అక్క మూట ఒళ్ళో పెట్టుకొని నేల చూసింది. వదిన చేతులు దులుపుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే నాకు పని సులువయ్యేది.

“నువ్వు దాన్ని ఊకె ఉండనియ్యవ్. రోజూ పోయి కొడతవ్, లెక్కబెడతవ్. ఏదో ఒకటి చేస్తవ్. నువ్వు చెప్పేది తప్పు కాదే. నువ్వు చెప్పినంక నాకు తోచింది నేను చెయ్యలేను. అది పెద్ద బాధ.”

దానికి నా దగ్గర జవాబులు ఉన్నాయి, నాలుగైదు. తీయమన్నది నేనైనా “సరే” అన్నది నువ్వు కదా అనవచ్చు. దోమను వదిలేసి ఉంటే ఈ రెండు దోసెళ్ళు కూడా ఉండేవి కావనవచ్చు. అది నిజం కూడా కావచ్చు, కాకపోవచ్చు. ఎవరికీ తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. తొట్టిలో ఉప్పునీళ్ళు మోసుకెళ్ళి దిబ్బ మీద పారబోశాను.

నారు మొలిచింది. దోర్ల అక్క దగ్గరా మొలిచింది, వదిన దగ్గరా మొలిచింది. వదిన మడిలో ఒక మూల గదంత మేర నాటించింది, మిగతా చోట సంచి విత్తనం వేసింది. ఈ రాత రాస్తున్న నాటికి అది పిలకలు వేస్తోంది. దసరాకు ఇంకా నెల ఉంది. రోజూ పొద్దున ఆ గట్టు దాకా వెళ్తాను. మడిలోకి దిగే ముందు ఇప్పుడు అడుగుతున్నాను. “దిగనా వదినా?” అంటాను. కొన్నిసార్లు “దిగు” అంటుంది, కలుపు తీస్తాను. నిన్న అడిగితే వినపడనట్టు అటు తిరిగి కలుపు తీసుకుంది. మళ్ళీ అడగబోయి, అడగకుండా గట్టు మీదే కూర్చున్నాను.